మనాలి నుంచి లేహ్‌కి సైకిల్ మీద: రాత్రి మకాం ఎత్తులు, సామాను, దారిలో రిపేర్లు

#1 తొలిపెడల్

అందరికీ నమస్కారం. సెప్టెంబరు మొదటి వారంలో మనాలి నుంచి లేహ్‌కి సైకిల్ మీద ఒంటరిగా వెళ్లాలని ప్లాను. వెనకాల సపోర్టు బండి ఉండదు. హైదరాబాదు నుంచి మొత్తం 14 రోజుల సెలవు, అందులో తొక్కడానికి 8 రోజులు అనుకుంటున్నా. మకాంలు ఇలా వేశా: మనాలి, సిస్సు (అటల్ టన్నెల్ మీదుగా), జిస్పా, సర్చు, పాంగ్, రుమ్సే, లేహ్. మిగిలిన ఒకటి రెండు రోజులు చేతిలో ఉంచుకుందామని. సైకిలు 27.5 అంగుళాల ఎమ్‌టీబీ (కొండదారి సైకిలు), ముందు 3 పళ్ల చక్రాలు, వెనక 8. తప్పులు ఎక్కడున్నాయో నిర్మొహమాటంగా చెప్పండి. టెంటు మోయాలా వద్దా అన్నది కూడా తేల్చండి.

#2 మంచుబాట

తప్పు ఒక్కచోటే ఉంది, కానీ పెద్దది. జిస్పా సుమారు 3,200 మీటర్లు, సర్చు 4,290. ఒక్క రాత్రి తేడాలో 1,100 మీటర్లు పైకి వెళ్లి పడుకుంటున్నారు. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఉండాలి. పగలు ఎంత ఎత్తు ఎక్కి దిగినా ఒళ్లు చాలావరకు తట్టుకుంటుంది. దెబ్బ తీసేది నిద్రే, ఎందుకంటే నిద్రలో శ్వాస నెమ్మదించి రక్తంలో ఆక్సిజన్ ఇంకా పడిపోతుంది.

సర్చుని జనం తేలిగ్గా తీసుకునే కారణం మ్యాపు చూస్తే తెలుస్తుంది. జిస్పా దాటాక వచ్చే దార్చా నుంచి సర్చుకి సుమారు 75-80 కిలోమీటర్లు, మధ్యలో బారాలాచా లా (లా అంటే కనుమ), దాని ఎత్తు దాదాపు 4,890. కనుమ దాటి దిగుతాం కాబట్టి "కిందికి వచ్చేశాం" అన్న భావన. నిజానికి సర్చు ఒక గిన్నె అడుగు లాంటిది. వెనక్కి పోవాలంటే బారాలాచా మళ్లీ 600 మీటర్లు ఎక్కాలి. ముందుకు పోవాలంటే నకీ లా (4,739), లాచులుంగ్ లా (5,065). అక్కడ అర్ధరాత్రి తలనొప్పి, వాంతులు మొదలైతే సైకిల్ మీద తప్పించుకునే దారి లేదు.

అందుకే ఆగాల్సిన చోట్లు బారాలాచాకి ఇవతలే పెట్టుకోండి. దార్చా 3,360, పత్సియో సుమారు 3,800, జింగ్‌జింగ్‌బార్ సుమారు 4,270. జింగ్‌జింగ్‌బార్‌లో తేడా చేస్తే పెడల్ కూడా తొక్కనక్కర్లేదు, బ్రేకు మీద చెయ్యి వేసుకుని దార్చాకి జారిపోవచ్చు. అక్కడ ఒక రాత్రి బాగా గడిచిందంటే సర్చు కొత్త ఎత్తే కాదు, 20 మీటర్ల తేడా.

#3 గట్టుదారి

మంచుబాట గారి మాటకే ఇంకొకటి కలుపుతా. టన్నెల్ వద్దు, రోహ్తాంగ్ మీదుగా పొండి. టన్నెల్ 9.02 కిలోమీటర్లు, 2020 అక్టోబరు నుంచి బండ్లు చాలావరకు అందులోంచే. ఆ పొగలో సైకిల్ తొక్కడం ఊపిరితిత్తులకు ఏం బాగుండదు. పాత దారిలో మనాలి (2,050) నుంచి మఢీ (సుమారు 3,300) మొదటి మకాం, రెండోరోజు రోహ్తాంగ్ 3,978 ఎక్కి కోక్సర్‌లో 3,140 దగ్గర పడుకుంటారు. పైకెక్కి కింద పడుకోవడం అన్న సూత్రానికి ఇంతకన్నా మంచి చోటు ఈ దారిలో లేదు. పైగా బండ్లు చాలావరకు టన్నెల్‌కి మళ్లడంతో రోహ్తాంగ్ రోడ్డు మీద లారీల బెడద తగ్గింది.

#4 మందులసంచి

మందుల విషయం కాస్త వివరంగా రాస్తున్నా. మీ డాక్టరుతో మాట్లాడకుండా ఏదీ మొదలుపెట్టకండి.

డయామాక్స్, అంటే అసెటజోలమైడ్. నివారణకు మామూలుగా ఇచ్చేది 125 మి.గ్రా. 12 గంటలకొకసారి, ఎత్తు ఎక్కడానికి ముందురోజు నుంచి. సల్ఫా మందులు పడనివాళ్లు ముందే చెప్పాలి. వేళ్ల చివర్లు, పెదాలు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువగా వస్తుంది, సోడా తాగితే రుచి పాడైనట్టు ఉంటుంది. ఇవి మందు లక్షణాలు, భయపడక్కర్లేదు. సెలవుల్లో ఇంట్లో ఉన్నప్పుడే ఒకటి రెండు మాత్రలు వేసి చూసుకుంటే దారిలో కంగారుండదు.

ఈ మాత్ర అలవాటుపడటాన్ని త్వరపెడుతుంది, అంతే. లక్షణాలు మొదలయ్యాక "వేసుకున్నాంగా" అని పైకి పోవడానికి అది లైసెన్సు కాదు.

తలనొప్పితో పాటు ఆకలి లేకపోవడం, వికారం, నీరసం, తల తిరగడం, వీటిలో ఏదున్నా పర్వత జబ్బు అనే అనుకోండి. వేరే కారణం వెతకొద్దు. పైకి ఒక్క మీటరు కూడా పోవద్దు. ఒక రాత్రికి తగ్గకపోతే దిగాలి. ఇక ఆలస్యం చేయకూడనివి రెండు. ఒకటి, కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, పడుకుంటే ఇంకా ఎక్కువవడం: ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది. రెండు, మాట తడబడటం, మనిషి మొద్దుబారినట్టుండటం, మడమకి బొటనవేలు ఆనిస్తూ సరళరేఖ మీద నడవలేకపోవడం: మెదడు వాపు. ఈ రెండింటిలో ఏది కనబడినా చీకటైనా సరే దొరికిన బండి ఎక్కి కిందికి.

ఒంటరి ప్రయాణికుడికి ఇక్కడే చిక్కు. మెదడు మందగించినవాడికి తను మందగించానని తెలియదు. అందుకే ప్రతి మకాంలోనూ ధాబా వాళ్లతో రాత్రే చెప్పి పడుకోండి: "పొద్దున 7 కల్లా లేవకపోతే లేపండి, సరిగా మాట్లాడకపోతే బండి ఎక్కించండి." వాళ్లకిది కొత్త కాదు, నవ్వరు.

స్ప్రే డబ్బా ఆక్సిజన్ కొనకండి. నిమిషాల్లో అయిపోతుంది, ధైర్యం మాత్రం తప్పుడుగా ఇస్తుంది.

#5 ఏటిగట్టు

మందులసంచి గారూ, ఒక సందేహం. సర్చులో తేడా చేస్తే వెనక్కా ముందుకా? బారాలాచా ఎక్కి దాటాలి కదా, అది ప్రమాదం కాదా?

#6 మందులసంచి

వెనక్కే, ఏటిగట్టు గారూ. బండిలో అయితే కనుమ పైన ఉండేది కొద్ది నిమిషాలే, మూడు గంటల్లోపు దార్చా దరిదాపుల్లో ఉంటారు, కేలాంగ్‌లో జిల్లా ఆసుపత్రి ఉంది. ముందుకు పోతే అన్నీ ఎత్తులే. పాంగ్ సుమారు 4,600, దాని తర్వాత మోరే మైదానం అంతా 4,700 దగ్గర, ఆ తర్వాత తంగ్లంగ్ లా 5,328. పాంగ్‌లోనే తేడా చేస్తే ఎటు చూసినా 5,000 దాటాల్సిందే, కాబట్టి ముందు అక్కడి ఆర్మీ ట్రాన్సిట్ క్యాంపు గేటు దగ్గరికి వెళ్లి అడగండి.

#7 చుక్కాని

అసలు లేహ్ నుంచి మొదలుపెడితే పోలా? విమానంలో దిగి మూడు రోజులు విశ్రాంతి తీసుకుని మనాలి వైపు తొక్కితే చివర్లో ఊపిరి సులువవుతూ పోతుంది.

#8 మంచుబాట

పోతుంది, కానీ హైదరాబాదు నుంచి విమానం దిగీ దిగగానే 3,500. మొదటి రెండు రోజులు మెట్లెక్కడం కూడా తగ్గించాలి. ఆ తర్వాత రుమ్సే సుమారు 4,200, ఆ మర్నాడే తంగ్లంగ్ లా. అంటే దారిలో అన్నింటికన్నా ఎత్తైన కనుమ మొట్టమొదట వస్తుంది. మూడు కాదు, నాలుగు రాత్రులు లేహ్‌లో గడిపి, పగటిపూట ఖాళీ సైకిల్‌తో ఖర్దుంగ్ లా రోడ్డు మీద కొంతదూరం ఎక్కి దిగితే అప్పుడు సరే.

ఒళ్లు అలవాటుపడటానికి నిజంగా మెత్తని దారి కావాలంటే శ్రీనగర్ నుంచి లేహ్. జోజి లా 3,528, నమికా లా సుమారు 3,700, ఫోటు లా 4,108. కనుమలు ఉన్నా రాత్రి మకాంలు ద్రాస్ (3,280), కార్గిల్ (2,676) లాంటి చోట్లు. సోన్‌మార్గ్ నుంచి లేహ్ దాకా ఒక్క రాత్రి కూడా 3,500 కన్నా పెద్దగా ఎక్కువలో పడుకోనక్కర్లేదు. మొదటిసారి వెళ్లేవాళ్లకి నా ఓటు దానికే. తొలిపెడల్ గారికి మనాలి దారే కావాలంటే మాత్రం రోజులు పెంచాలి.

#9 పల్లెచక్రం

సైకిలు సంగతి చూద్దాం. తొలిపెడల్, మీ సైకిల్లో వెనక పెద్ద పళ్ల చక్రానికి ఎన్ని పళ్లున్నాయో లెక్కపెట్టండి. చవక ఎమ్‌టీబీల్లో 28 ఉంటుంది. ముందు చిన్నది 24 అనుకుంటే, పెడల్ ఒక చుట్టుకి సైకిలు సుమారు 1.84 మీటర్లు కదులుతుంది. సామానుతో 4,500 మీటర్ల పైన ఎక్కుడు మీద వచ్చే వేగం గంటకి 4.5 కిలోమీటర్లు అనుకోండి, నిమిషానికి 41 చుట్లే పడతాయి. అంటే ప్రతి తొక్కుడూ మోకాలి మీద గుదిబండ. వెనక 34, ముందు 22 వేయిస్తే చుట్టుకి 1.39 మీటర్లు, అదే వేగానికి 54 చుట్లు. ఈ మార్పుకి వెనక డెరైలర్ (గొలుసుని ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి మార్చే చెయ్యి) పొడుగు పంజరం ఉన్నదై ఉండాలి, గొలుసు కూడా పొడవు చూసుకోవాలి. సర్చు దాటాక వచ్చే గాటా లూప్స్ ఎక్కుడు 21 మలుపుల్లో ఈ తేడా తెలుస్తుంది.

రెండోది, మీ వెనక హబ్ (చక్రం నడుమ భాగం) ఫ్రీవీలా, క్యాసెట్టా? పళ్ల చక్రాల గుత్తిని హబ్‌కి మరతో బిగిస్తే ఫ్రీవీలు, హబ్ మీదికి జార్చి బిగిస్తే క్యాసెట్. ఫ్రీవీల్ హబ్‌లో కుడివైపు బేరింగు లోపలికి ఉంటుంది, ఇరుసు చివర ఆధారం లేక సామాను బరువుకి వంగుతుంది, విరుగుతుంది. చక్రం తిప్పితే ఇరుసు చివర గుండ్రంగా ఊగుతోందంటే ఇప్పటికే వంగింది. క్యాసెట్ హబ్ ఉన్న వెనక చక్రం కట్టించుకోండి, 36 స్పోకులైతే ఇంకా మేలు.

స్పోకులు విరిగేది దాదాపు ఎప్పుడూ వెనక చక్రం కుడివైపే. పళ్ల చక్రాలకి చోటివ్వడానికి రిమ్ము కుడిపక్కకి దగ్గరగా లాగి ఉంటుంది, అటు బిగింపు ఎక్కువ. విరిగేది కూడా వంపు దగ్గరే. చిక్కేమిటంటే అక్కడ కొత్త స్పోకు దూర్చాలంటే క్యాసెట్ విప్పాలి, దానికి విడిగా పనిముట్టు. కాబట్టి ఇవి సర్దుకోండి: కుడివైపు కొలతవి 4, ఎడమవైపువి 2 (రెండు పక్కలా పొడవు ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా ఉంటుంది, షాపులో కొలిపించండి), స్పోకు తాళంచెవి, క్యాసెట్ విప్పే పనిముట్టు. స్పోకుల్ని వెనక చక్రం పక్క గొట్టానికి టేపుతో చుట్టేస్తే బరువే తెలియదు.

డెరైలర్ హ్యాంగర్ ఒకటి తప్పనిసరి. అల్యూమినియం ముక్క, సైకిలు పక్కకి పడితే ముందు వంగేది అదే, ఒక్కో మోడల్‌కి ఒక్కో ఆకారం. మనాలిలో దొరుకుతుందని ఆశపడొద్దు. ఇంకా గొలుసు క్విక్ లింకులు 2 (8 స్పీడ్‌వి), గొలుసు కత్తెర, ట్యూబులు 2, ప్యాచులు 10, గేర్ కేబులు 1, బ్రేక్ కేబులు 1, బ్రేక్ ప్యాడ్లు 2 జతలు, గొలుసు నూనె 50 మి.లీ., జిప్ టైలు ఒక పది.

#10 తొలిపెడల్

పల్లెచక్రం అన్నా, లెక్కపెట్టా. వెనక 28 పళ్లు, ఫ్రీవీలే. చక్రం మార్పిస్తా. బ్రేకులు కేబుల్ డిస్కు, హైడ్రాలిక్ వేయించుకోమని షాపు వాళ్లు అంటున్నారు.

#11 పల్లెచక్రం

కేబులే ఉంచుకోండి. హైడ్రాలిక్ పట్టు బాగుంటుంది, నిజమే. కానీ లీవర్ లీకైతే దారిలో చేసేదేం లేదు. కేబుల్ తెగితే పావుగంట పని.

దిగుడులో ప్యాడ్లు చూసుకోండి. తంగ్లంగ్ లా నుంచి రుమ్సేకి 1,100 మీటర్ల దిగుడు. బ్రేకు కొద్దిగా నొక్కి పట్టుకునే దిగితే రెసిన్ ప్యాడ్లు వేడెక్కి పైన అద్దంలా నున్నగా అవుతాయి, ఇక పట్టవు. గట్టిగా నొక్కి వేగం తగ్గించడం, వదిలేయడం, మళ్లీ నొక్కడం, ఇలా దిగాలి. నున్నబడితే విప్పి ఇసుక కాగితం మీద, లేకపోతే రాతి మీద రుద్దితే మళ్లీ పనికొస్తాయి.

పంపు గురించి ఒక మాట. 5,000 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో సగం కన్నా కాస్త ఎక్కువ. అదే ట్యూబు నింపడానికి హైదరాబాదులో 150 పోట్లు చాలితే అక్కడ 270 దాకా కొట్టాలి, అదీ మీకే ఊపిరాడని చోట. పంపు పాడైందని పారేసేవాళ్లున్నారు. గొట్టం ఉన్న పంపు కొనండి, తిన్నగా వాల్వుకి తగిలించే రకంతో ఆ ఊపులో వాల్వు మొదలు చిరుగుతుంది. చలిలో ప్యాచు జిగురు ఆరడానికి కూడా సమయం కావాలి. 5 నిమిషాలు ఆగి, వేలి గోటితో తాకితే అంటుకోకుండా ఉన్నప్పుడే ప్యాచు వేయండి.

#12 ఏటిగట్టు

టెంటు సంగతి ఎవరూ ఎత్తలేదు. జూన్ నుంచి సెప్టెంబరు చివరి దాకా జింగ్‌జింగ్‌బార్, భరత్‌పూర్, సర్చు, పాంగ్, దేబ్రింగ్‌లో ధాబా టెంట్లుంటాయి. పరుపులు, బరువు రజాయిలు, రాజ్మా అన్నం, పరాటా, ఆమ్లెట్, మ్యాగీ. భరత్‌పూర్‌లో మాత్రం పడుకోవద్దు, అది బారాలాచా పక్కనే, సర్చు కన్నా చాలా ఎత్తు. టెంటు లేకపోతే సామాను 8-10 కిలోలు, ఉంటే 15-18.

అయినా ఒంటరివాళ్లు చిన్న టెంటు పెట్టుకోవడమే మంచిదంటా. సర్చు నుంచి పాంగ్ సుమారు 75-80 కిలోమీటర్లు, మధ్యలో రెండు కనుమలు. ఒక్కరోజులో చేయాలనుకుంటే లాచులుంగ్ లా మీద పొద్దు గూకుతుంది. రెండు కనుమల నడుమ విస్కీ నాలా దగ్గర ఆగితే నిశ్చింత. అక్కడి ధాబాలు సెప్టెంబరులో ఎప్పుడు ఎత్తేస్తారో వాళ్ల ఇష్టం. స్లీపింగ్ బ్యాగు మైనస్ 5 నుంచి మైనస్ 10 దాకా సౌకర్యంగా ఉండేది. సెప్టెంబరు రాత్రుళ్లు సర్చులో నీళ్ల సీసా గడ్డ కడుతుంది. ఫోను, పవర్ బ్యాంకు, నీళ్ల ఫిల్టరు మీతోపాటే బ్యాగులో పడుకోవాలి.

వండుకోవడం మీద ఆశ పెట్టుకోకండి. సర్చులో నీళ్లు 86 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కుక్కరు లేకుండా పప్పు ఉడకదు, అన్నం పలుకు పలుకుగా ఉండిపోతుంది. మన సరుకుల్లో అక్కడ పనికొచ్చేవి అటుకులు, వేయించిన రవ్వ, పుట్నాల పొడి. దోవలో నమలడానికి పల్లీ చిక్కీ, నువ్వుండలు, సున్నుండలు. పల్లీలు 100 గ్రాములకి దాదాపు 570 కేలరీలు, ఆకలి చచ్చిపోయే ఎత్తులో కొంచెంతో పని జరగాలి. రోజుకి 150 గ్రాముల చొప్పున లెక్కేసుకోండి. ఆవకాయ చిన్న డబ్బా బరువనుకోవద్దు. నాలుగో పూట రాజ్మా ముద్ద గొంతు దిగనప్పుడు అదే దింపుతుంది.

#13 గట్టుదారి

నీళ్లు: గాటా లూప్స్ కింద సీసాలన్నీ నింపుకోండి, 4 లీటర్లు. మోరే మైదానంలో 40 కిలోమీటర్లు చదునే కానీ నీడ లేదు, నీళ్లకి భరోసా లేదు, మధ్యాహ్నం నుంచి గాలి తోసేస్తుంది. పాంగ్ నుంచి ఉదయం 6 కల్లా బయల్దేరాలి. వాగు నీళ్లలో మన్ను ఉంటుంది. కాసేపు తేరనిచ్చి, గుడ్డలో వడకట్టి, క్లోరిన్ మాత్ర వేసి 30 నిమిషాలు. మంచు నీళ్లైతే గంట.

నాలాలు (రోడ్డుకి అడ్డంగా పారే వాగులు) ఉదయమే దాటాలి. మధ్యాహ్నానికి మంచు కరిగి అదే నాలా మోకాలి లోతు అవుతుంది. లోతుగా ఉంటే సంచులు విప్పి విడిగా మోయండి, సైకిల్ని మీకు దిగువ పక్క పట్టుకోండి. ఎగువ పక్క ఉంటే నీటి తోపుకి అదే మీ మీద పడుతుంది. బూట్లు విప్పి చెప్పులు వేసుకోండి, వట్టికాళ్లతో వద్దు.

ఫోను: బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ లడఖ్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. అదున్నా దార్చా నుంచి ఉప్షి దాకా సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోవద్దు. డబ్బు నోట్లుగా కేలాంగ్‌లోనే తీసుకోండి.

#14 తొలిపెడల్

ఇవన్నీ కలిపి లెక్కేస్తే మఢీ, కోక్సర్, కేలాంగ్, దార్చా, పత్సియో, జింగ్‌జింగ్‌బార్, సర్చు, విస్కీ నాలా, పాంగ్, దేబ్రింగ్, ఉప్షి, లేహ్. 12 రోజులు, విశ్రాంతి కలపకుండానే. సెలవు పెరగదు. ఏది కోసేయాలి?

#15 మంచుబాట

చివర్లో కోయండి, మొదట్లో వద్దు. అందరూ చేసే పొరపాటు మొదటి రోజుల్ని కుదించడం. వానకి కొండచరియ పడి రోజు పోతే ఆ లోటు కూడా జింగ్‌జింగ్‌బార్ రాత్రి మీదే తీర్చుకుంటారు.

రెండు దార్లున్నాయి. మనాలి నుంచి కేలాంగ్‌కి బస్సులో సైకిలు వేసుకుని, అక్కడ రెండు రాత్రులు ఉండి, మధ్యలో రోజు ఖాళీ సైకిల్‌తో తాండి దాకా దిగి ఎక్కి, ఆ తర్వాత వరసగా దార్చా నుంచి మొదలుపెట్టండి. ఇలా ఒక రోజు మిగులుతుంది, రోహ్తాంగ్ పోతుంది. లేదంటే రోహ్తాంగ్‌తోనే మొదలుపెట్టి, పాంగ్ చేరేసరికి రోజులు అయిపోతే అక్కడినుంచి లేహ్‌కి లారీ ఎక్కండి. నేనైతే రెండోదే చెబుతా. అప్పటికి ఒళ్లు అలవాటుపడి ఉంటుంది, తంగ్లంగ్ లా లారీలో దాటినా ఇబ్బంది ఉండదు.

#16 పల్లెచక్రం

లారీ ఎక్కిస్తే సైకిల్ని ఎడమవైపు కింద ఉండేలా పడుకోబెట్టండి, డెరైలర్ పైకి ఉండాలి. అంతకుముందే పెడళ్లు విప్పేయండి. కుడి పెడల్ మామూలు మరే, ఎడమ పెడల్‌ది తిరగమర, సవ్యదిశలో తిప్పితేనే వదులవుతుంది. ఇది మర్చిపోయి బలంకొద్దీ తిప్పితే క్రాంకు మర పోతుంది. ఫోర్కు కింద, క్రాంకు కింద ఖాళీ గోనెసంచులు మడిచి వేయండి, ధాబా వాళ్లనడిగితే ఇస్తారు. తాడు ఫ్రేము గొట్టాలకి కట్టాలి. చక్రాల స్పోకులకి కట్టనివ్వొద్దు.